ఊపిరిని చూడలేని మనిషి: కొడుకు పోయిన దుఃఖం, తాగుడు, ఎరుక (ఒక కేస్ స్టడీ)

ఈ కేసు రాయడానికి నా పేషెంటూ, ఆయన భార్యా ఒప్పుకున్నారు. రాశాక ఇద్దరికీ చదివి వినిపించాను. వయసు, ఊరు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఆయన చేసే పనిని మాత్రం మార్చలేదు. అది తీసేస్తే ఇందులో ఏది పనిచేసిందో చెప్పడం కుదరదు. "కట్టెపని జేసేటోళ్లు వెయ్యి మంది ఉన్నరు మేడం, రాయుండ్రి" అన్నారు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో, తాగుడు మాన్పించే వార్డులో సైకియాట్రిస్టుతో కలిసి పనిచేస్తాను. ఇందులో మందుల నిర్ణయాలు ఆయనవి, మిగతావి నావి. తప్పులు కూడా.

నేపథ్యం

ఆయనకు యాభై లోపే. వడ్రంగి. దర్వాజలు, తలుపులు, మంచాలు చేస్తారు. సొంత షెడ్డు, చేతికింద ఇద్దరు పనివాళ్లు. భార్య, కూతురు, కొడుకు. కొడుకు ఉన్నప్పుడు పండగకో, దావత్‌కో తాగేవారు, అంతే. ఈ సంగతి భార్యను విడిగా కూడా అడిగి రాసుకున్నాను. ఇరవై ఏళ్లుగా తాగుతూ చావు తర్వాత పెంచిన మనిషి వేరు, చావుతోనే మొదలుపెట్టిన మనిషి వేరు. రెండో మనిషికి మందు లేని సాయంత్రాలు ఎలా ఉంటాయో ఒంటికి ఇంకా గుర్తుంటుంది. చికిత్సలో అది పెద్ద ఆస్తి.

కొడుకు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. కాలేజీ దూరం, బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బండి కొనియ్యమని ఏడాది పాటు పోరు పెట్టాడు. కొనిచ్చారు. ఏడు నెలలకు, ఆషాఢంలో ఒక సాయంత్రం ఇంటికొస్తూ పడ్డాడు. తలకు దెబ్బ. హెల్మెట్ ఇంట్లో మేకుకు వేలాడుతోంది. హైదరాబాద్‌లో తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున లోపలికి పంపితే, ఆయన మంచం పక్కన నిలబడి కొడుకు ఛాతీ లేవడం, పడటం చూస్తూ ఉండేవారు. పదో రోజు శవాన్ని తెచ్చుకున్నారు.

ఆ రాత్రి బంధువు ఒకాయన గ్లాసు చేతిలో పెట్టి "తాగు, జెర నిద్ర పడ్తది" అన్నాడు. నిద్ర పట్టింది. మూడొద్దులకు, దినాలకు మందు ఎట్లాగూ ఉంటుంది. మా ప్రాంతంలో చాలా ఇళ్లలో చావు కార్యానికి మందు పెట్టకపోతే మాటొస్తుంది. కార్యం అయ్యాక బంధువులు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. ఆయన మాత్రం నిద్ర కోసం రోజూ ఒక క్వార్టర్ తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

మా దగ్గరకు వచ్చేటప్పటికి

కొడుకు పోయిన పందొమ్మిది నెలలకు, ఒక ఫిబ్రవరిలో, భార్య, బావమరిది కలిసి తీసుకొచ్చారు. అప్పటికి రోజుకు మూడు క్వార్టర్లు. 180 మిల్లీలీటర్ల ఒక్క క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన దేశంలో ఒక డ్రింక్ అని లెక్కపెట్టేది 10 గ్రాములను. అంటే ఆయన రోజుకు పద్దెనిమిది డ్రింకులు తాగుతున్నారు. పొద్దున చేతులు వణికితే ఉలి పట్టలేక ముందు ఒక నైంటీ, తర్వాతే పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ఆడిట్ పరీక్షలో 40కి 31 వచ్చింది. 20 దాటితేనే మద్యానికి బానిసై ఉండవచ్చని అనుమానిస్తాం. డిప్రెషన్‌కు వాడే పీహెచ్‌క్యూ-9లో 27కి 17. ఆసుపత్రి అప్పు ఇంకా తీరలేదు. పనివాళ్లిద్దరూ వెళ్లిపోయారు.

చనిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడిగాను. "నేను జేసుకోను. ఏదన్న లారీ గుద్దితే మంచిగుండు అనిపిస్తది" అన్నారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. షెడ్డులో ఉన్న కట్టె పాలిష్, పురుగుల మందు డబ్బాలు తీసేయమని బావమరిదికి చెప్పాం. రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమని భార్య ఫోన్‌లో ఆ నంబరు ఎక్కించాం.

అంతకుముందు చేసి చూసినవి రెండు. మొదటిది, గోడ మీది ప్రకటన చూసి తెప్పించిన పొడి. తాగేవాళ్లకు తెలియకుండా అన్నంలో కలిపితే మానేస్తారని అందులో రాసి ఉంది. భార్య కూరలో కలిపింది. సాయంత్రం ఆయన తాగగానే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై పడిపోయారు. "సస్తడేమో అనుకున్న మేడం" అంది. ఆ లక్షణాలను బట్టి అది డైసల్ఫిరామే అయ్యుంటుంది. తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర అది. డాక్టరు పర్యవేక్షణలో, మనిషికి చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సింది. తెలియకుండా పెడితే ప్రాణం పోవచ్చు. అప్పట్నుంచి ఆయన ఇంట్లో కూర తినడం మానేశారు. తాగుడు మానలేదు.

రెండోది అయ్యప్ప మాల. ఏడాది మైల తీరాక, అంతకుముందు కార్తీకంలో వేసుకున్నారు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. శబరిమల పోయొచ్చి మాల తీసిన రాత్రే తాగారు. "మాల గూడ పనిజెయ్యలే" అని బావమరిది విసుక్కున్నాడు. నాకు అది ఓటమిలా కనిపించలేదు. మొదటి రోజుల్లో ఆయనకు వణుకు, చెమటలు వచ్చాయట, తోటి స్వాములు మజ్జిగ తాగించారట. ప్రమాదమే, అదృష్టం కొద్దీ గట్టెక్కారు. కానీ ఆ తర్వాత నెల పైన ఉండగలిగారంటే మాలలో ఏదో ఆయన్ని నిలబెట్టింది. ఏమిటది? తెల్లవారుజామున చన్నీళ్లు, నేల మీద పడక, చెప్పుల్లేని నడక, చుట్టూ మనుషులు, సాయంత్రం ఏడింటికి భజన. వీటన్నిటినీ నోట్సులో రాసుకున్నాను. ఆ జాబితా తర్వాత అక్కరకొచ్చింది.

ముందు ఒళ్లు, తర్వాతే మనసు

దుఃఖంతో తాగుతున్నాడు, ముందు దుఃఖం సంగతి చూడండి అని కుటుంబం అడిగింది. ఒప్పుకోలేదు. ఇంత తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య డెలీరియం, అంటే మతి తప్పి లేనివి కనిపించే స్థితి, రావచ్చు. వార్డులో చేర్చుకున్నాం. లివర్ పరీక్షల్లో తేడా ఉండటంతో సైకియాట్రిస్టు వణుకు, ఫిట్స్ రాకుండా చూసే మందుల్లో లోరాజెపామ్ ఎంచుకుని రోజురోజుకూ తగ్గిస్తూ వచ్చారు. సెలైన్‌లో గ్లూకోజు ఎక్కించేముందే థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ వరుస తప్పితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు.

రెండో రాత్రి ఆయన మంచం మీద చీమలు పాకుతున్నాయని దులపడం మొదలుపెట్టారు. తలుపు దగ్గర కొడుకు నిలబడ్డాడని చూపించారు. భార్య ఏడ్చింది, నర్సు నన్ను పిలిచింది. ఇక్కడ తొందరపడకూడదు. పోయినవాళ్లు కనిపించడం, గొంతు వినిపించడం దుఃఖంలో మామూలే, అది జబ్బు కాదు. కానీ చీమలు, చెమటలు, పెరిగిన నాడి, ఇప్పుడు పగలో రాత్రో తేల్చుకోలేకపోవడం కలిపి చూస్తే ఇది తాగుడు ఆపడం వల్ల వచ్చిందే. డాక్టరు మోతాదు పెంచారు. నాలుగో రోజుకు చీమలు పోయాయి, తలుపు దగ్గర కొడుకూ పోయాడు. ఒకటి మాత్రం మిగిలింది. సాయంత్రం ఏడింటికి బండి చప్పుడు. ఆరు వారాల తర్వాత, ఒంట్లో మద్యం ఆనవాలు లేని రోజుల్లో కూడా వినిపించింది. దాన్ని మందులతో పోగొట్టాలని మేం ప్రయత్నించలేదు.

పన్నెండు రోజులకు ఇంటికి పంపాం. యావ తగ్గడానికి అకాంప్రోసేట్ మొదలైంది, 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి చొప్పున మూడు పూటలు. యావ తగ్గించే మరో మందు నాల్ట్రెక్సోన్‌ను లివర్ వల్ల, డైసల్ఫిరామ్‌ను లివర్‌తో పాటు ఆ పొడి అనుభవం వల్ల పక్కన పెట్టారు. రంపం మిషన్ నెల వరకు ముట్టొద్దని షరతు పెట్టాం. నాలుగు వారాలు ఆగి పీహెచ్‌క్యూ మళ్లీ చూస్తే 11కు దిగింది. ఆగడానికి కారణం ఉంది. మద్యం వల్ల వచ్చిన దిగులు చాలావరకు ఆ వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. తగ్గాక మిగిలేదే అసలు పని. ఇక్కడ మిగిలింది ఏమిటో స్పష్టంగా కనిపించింది: కొడుకు కోసం ఆరాటం, నేనే చంపానన్న నింద, బండిని తార్పాలిన్ కప్పి చూడకుండా తిరగడం, హైదరాబాద్ దారి పట్టలేకపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం ఇలాంటి స్థితి ఆరు నెలలు దాటి, మనిషిని పనికీ మనుషులకూ దూరం చేస్తే దాన్ని దీర్ఘకాలిక దుఃఖ సమస్యగా గుర్తిస్తారు. ఈయన విషయంలో అనుమానం లేదు.

నేను చేసిన తప్పు

మా దగ్గర ఎనిమిది వారాల గ్రూపు ఒకటి నడుస్తుంది. మళ్లీ తాగుడులోకి జారకుండా మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఇప్పుడు ఒంట్లో, మనసులో జరిగేదాన్ని తిట్టుకోకుండా గమనించడం, నేర్పే పద్ధతి అది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లాట్, సారా బోవెన్, నేహా చావ్లా రూపొందించారు. 2014లో 286 మందితో చేసిన అధ్యయనంలో, ఏడాది తర్వాత ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్లు, వేరే చికిత్సలు పొందిన రెండు గుంపులకన్నా తక్కువ రోజులు మత్తుపదార్థాలు వాడారు, వాళ్లలో అతిగా తాగడమూ తక్కువే. తర్వాతి సమీక్షల్లో ఫలితాలు అంత గట్టిగా లేవు. అయినా నా పేషెంట్లలో సాయంత్రపు గంట దాటలేక జారేవాళ్లకు ఇది ఉపయోగపడటం చూశాను కాబట్టి వాడతాను. గ్రూపులో ధ్యానం అనే మాట వాడను. "ధ్యానం మాసొంటోళ్లకు గాదు" అని లేచిపోతారు. ఎరుక అంటాను. తెలంగాణలో "నాకెర్కే" అనని మనిషి లేడు.

మొదటి వారం ఒక పల్లీ గింజను చేతిలో తిప్పి, వాసన చూసి, మెల్లగా నమిలే అభ్యాసం. బాగా చేశారు. రెండో వారం పడుకుని ఒళ్లంతా గమనించడం. నిద్రపోయారు, పర్వాలేదు. మూడో వారం కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమన్నాను. "లోపలికి వస్తోంది, బయటికి పోతోంది, ఛాతీ లేవడం, పడటం చూడండి" అన్నాను. రెండు నిమిషాలకు ఆయన లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయారు. ముప్ఫై అయిదు రోజులు ముట్టకుండా ఉండి, ఆ రాత్రి తాగారు.

మూడో రోజు తిరిగొచ్చి, కోపంగా కాదు, మెల్లగా అన్నారు: "నా కొడుకు ఊపిరి తొమ్మిది దినాలు జూసిన మేడం. ఇగ నా ఊపిరి జూడుమంటున్నరా?"

వెంటిలేటర్ సంగతి నా కేసు షీటులో రెండో వరుసలో ఉంది. రాసింది నేనే. రాశాను గానీ, ఊపిరి అభ్యాసం దగ్గరికి వచ్చేసరికి దాన్ని గుర్తు చేసుకోలేదు. ఊపిరి అందరికీ ఉంటుంది, ఎవరికీ హాని చేయదు అనే నమ్మకంతో నడిచాను. ఊపిరి ఆగడం చూసిన మనిషికి, నీళ్లలో మునిగి బతికిన మనిషికి, ఆస్తమా ఉన్న మనిషికి అది ప్రశాంతమైన చోటు కాదు. ఆ రోజు నుంచి గ్రూపులో చేర్చుకునేముందు ప్రతి ఒక్కరినీ ఒంట్లో ఏ భాగం వైపు మనసు పోతే భయమేస్తుందని అడుగుతున్నాను. ఆయనకు క్షమాపణ చెప్పాను.

అప్పుడు మూడు దారులు కనిపించాయి. ఎరుక అభ్యాసాలు పూర్తిగా మానేసి మాటలతో, మాత్రలతో నడపడం ఒకటి. ఊపిరి భయం పోయేదాకా ఊపిరితోనే కొంచెం కొంచెంగా అలవాటు చేయడం రెండోది. మనసు నిలిపే చోటును మార్చడం మూడోది.

రెండోది తప్పు కాదు, కానీ కాలం కాదు. ఆసుపత్రి జ్ఞాపకాన్ని కదిలిస్తే ఆ రాత్రి ఆయనకు తెలిసిన ఒకే ఒక్క మందు పర్మిట్ రూమ్‌లో ఉంది. మొదటిది సులువు. కానీ సాయంత్రం ఏడింటికి షెడ్డులో ఒంటరిగా, బండి చప్పుడు వినిపించే ఆ అరగంటకు నా మాటలూ అందవు, మాత్రలూ పూర్తిగా సరిపోవు. ఆ అరగంటలో ఆయన చేతిలో ఏదో ఒకటి ఉండాలి. అందుకే మూడోది.

పాదాలు, రందా

మాల రోజుల జాబితా తీశాను. చెప్పుల్లేని నడక. కళ్లు తెరిచే ఉంచి, నిలబడి, అరికాళ్ల కింద నేలను గమనించమన్నాను. చల్లగా ఉందా, గరుకుగా ఉందా, బరువు మడమ మీదుందా, వేళ్ల మీదుందా. ఒక్క నిమిషం. చేయగలిగారు. ఊపిరి తలపుకొస్తే మళ్లీ పాదాలకు రావడం. వారం పాటు ఇంతే.

రెండో వారం షెడ్డులో ఏ పని చేసేటప్పుడు గంటలు తెలియకుండా పోయేవని అడిగాను. చిత్రిక పట్టేటప్పుడని చెప్పారు. చిత్రికను మా వైపు రందా అంటారు. ఇప్పుడంతా కరెంటు రందా, చెవులు చిల్లులు పడే చప్పుడు. పాత చేతి రందా అటక మీద ఉంది. దాన్ని దించి, బ్లేడు నూరి, రోజూ సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర మధ్యలో పది నిమిషాలు పాత టేకు ముక్క మీద పట్టమన్నాను. వస్తువు చేయడానికి కాదు. రేడియో వద్దు, ఫోన్ వద్దు. అరచేతి మీద పడే ఒత్తిడి, చెక్క నార ఎదురొచ్చినప్పుడు మారే చప్పుడు, పొట్టు చుట్టుకుంటూ లేవడం, టేకు వాసన. మనసు కొడుకు దగ్గరికి పోతే పోయిందని తెలుసుకుని, తిట్టుకోకుండా, మళ్లీ చేతికి తెచ్చుకోవడం.

రెండు వారాల తర్వాత వచ్చి, నవ్వుతూ కాదు గానీ కొంచెం తేలిగ్గా, "చేతిల రందా ఉంటే మనసుల రంది జెరంత పక్కకు కూసుంటది మేడం" అన్నారు. రంది అంటే మా వైపు తీరని దిగులు. పోతుంది అనలేదు, పక్కకు కూర్చుంటుంది అన్నారు. ఎనిమిది వారాల్లో నేను చెప్పాలనుకున్నది ఆయనే నాకంటే బాగా చెప్పారు. ఎరుక దుఃఖాన్ని తగ్గిస్తుందని నేను ఎవరికీ మాటివ్వను. దుఃఖం ఉండగానే చేతులు కదులుతాయని మాత్రం చూపించగలను.

యావ వచ్చినప్పుడు ఏం చేయాలో నేర్పడం ఇంకో మెట్టు. మార్లాట్ దీన్ని అల మీద తేలడంతో పోల్చారు. యావ పెరిగి, శిఖరానికి చేరి, దానంతట అదే దిగుతుంది, చాలామందిలో ఇరవై ముప్ఫై నిమిషాల్లో. ఆయన శబరిమల పోయినప్పుడు తప్ప సముద్రం చూడలేదు. మా ఊళ్లలో అందరికీ తెలిసింది వాగు. పైన వాన పడితే వాగు పొంగుతుంది. దాటబోయినవాడు కొట్టుకుపోతాడు. గడ్డ మీద నిలబడినవాడు పొద్దుటికి దాటుతాడు. "పానం గుంజుతుంది" అని ఆయన చెప్పేది ఆ పొంగునే. గుంజినప్పుడు ఒంట్లో ఎక్కడ గుంజుతుందో చూడమన్నాను. గొంతులో ఎండిపోవడం, పొట్టలో మెలి, దవడ బిగుసుకోవడం అని ఆయనే కనిపెట్టారు. గడ్డ అంటే పాదాలు. గ్రూపులో నేర్పే మూడు నిమిషాల అభ్యాసంలో మధ్య మెట్టు ఊపిరి. ఆయనకు ఆ మెట్టు తీసేసి పాదాలు పెట్టాం: ఆగు, ఏముందో చూడు, కాళ్లకు రా, ఒళ్లంతా చూడు, అప్పుడు అడుగెయ్యి. దీనితోపాటు ఇంటికి పోయే దారి కూడా మార్చాం. వైన్ షాపు ముందు నిలబడి ఎరుక పరీక్షించుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఎరుక చేయలేని పని

ఏప్రిల్ నుంచి దుఃఖం మీద నేరుగా పని మొదలుపెట్టాం. మనిషి దుఃఖంలో కొంతసేపు పోయినవాళ్ల వైపు, కొంతసేపు బతుకు వైపు ఊగుతూ నడుస్తాడని స్ట్రోబ్, షుట్ 1999లో చెప్పిన నమూనా నాకు ఇందులో దారి చూపింది. ఈయన ఆ రెండు వైపులా పోవడం లేదు. మందులో ఆగిపోయారు. మందు తీసేశాక ఊగడం మళ్లీ నేర్పాలి.

నిందను గమనిస్తూ కూర్చుంటే అది కరగదు. కొందరు కరుగుతుందంటారు, నా అనుభవం అది కాదు. దాని గురించి మాట్లాడాలి. బండి కొన్న రోజును మొదటి నుంచీ చెప్పమన్నాను. చెబుతూ ఉంటే ఛాతీ పట్టేసినప్పుడు ఆగి, పాదాలకు వచ్చి, మళ్లీ చెప్పడం. ఎరుక అక్కడ గోడకు ఆసరా కర్రలా పనికొచ్చింది. మూడోసారి కూర్చున్నప్పుడు ఒక మాట బయటపడింది. షోరూమ్‌లో హెల్మెట్ తానే ఎంచి కొన్నారు. అంతవరకు ఆయన చెప్పిన ప్రతి కథలో బండి ఉంది, హెల్మెట్ కొన్న సంగతి లేదు. "మరి దాన్ని ఎవరు కొన్నారు?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొడుకు మీద కోపమొచ్చింది, పెద్దగా ఏడ్చారు. కొడుకు మీద కోపం రావడానికి తనకు హక్కు లేదనుకుని దాన్నంతా తన మీదికే తిప్పుకున్నారు.

ఆ నెలలోనే నేను భార్యను విడిగా కూర్చోబెట్టాను. ఇది కూడా ఆలస్యమే. మూడు నెలలుగా ఆమెను మాత్రలు లెక్కపెట్టే మనిషిగానే చూశాను. "ఆయన తాగి ఏడ్చిండు. నేను వంట జేసిన" అంది. ఆమెకూ కొడుకే కదా. ఆమెతో అయిదుసార్లు కూర్చున్నాను. ఆమెకు ఊపిరితో ఇబ్బంది లేదు, ఆమె అభ్యాసం వేరుగా సాగింది. ఆయన తాగుడును కాపలా కాయడం మానేసి, మళ్లీ జారితే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసుకుంది: అరవొద్దు, డబ్బు ఇవ్వొద్దు, ఒంటరిగా వదలొద్దు, నాకు ఫోన్ చేయాలి.

జూలైలో సంవత్సరీకం వస్తుందని ముందే తెలుసు. నెల ముందు నుంచి సిద్ధమయ్యాం. బండి మీది తార్పాలిన్ ఆ పొద్దున ఆయనే తీసి, తుడిచి, మళ్లీ కప్పారు. మందు లేకుండా గడిచింది. నాకు ధైర్యం వచ్చింది.

పెత్తరమాస

ఆ ధైర్యంలో నేను చూడని రోజు ఒకటుంది. భాద్రపద అమావాస్య. పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు, ఎంగిలిపూల బతుకమ్మ కూడా అదే రోజు. అన్న ఇంట్లో ఫోటోల ముందు అన్నం, మాంసం పెట్టారు, తాగే అలవాటున్న పెద్దల పేరు మీద గ్లాసులో మందు పోశారు. కొడుకు ఫోటో ముందు కూడా ఒక గ్లాసు. మొక్కాక "పెద్దలకు పెట్టింది పారబోయొద్దు, నువ్వే తీస్కో" అని ఎవరో అన్నారు. తాగారు. ఆరున్నర నెలల తర్వాత. ఇక ఆగలేదు, నాలుగు రోజులు.

నా చార్టులో ప్రమాదకరమైన రోజులన్నీ ఉన్నాయి: పుట్టినరోజు, సంవత్సరీకం, అప్పు కిస్తీ రోజు. చనిపోయినవాళ్ల పేరు మీద మందు పోసే రోజు లేదు. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగి, మా ఇంట్లో కూడా పెత్తరమాస చూసిన నేను దాన్ని అడగలేదు. పద్ధతి ఎక్కడో తయారైనప్పుడు అందులో లేని రోజులను కలపాల్సింది మనమే.

నాలుగో రోజు భార్య ఫోన్ చేసింది. కాగితంలో రాసుకున్నట్టే అరవలేదు. ఆయన సిగ్గుతో లోపలికి రాలేదు, బయట బెంచీ మీద కూర్చున్నారు. నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఒక్కసారి తప్పితే అంతా పోయిందనే ఆలోచన, మొదటి గ్లాసు కన్నా ఎక్కువ హాని చేస్తుందని మార్లాట్ ఎప్పుడో గమనించారు. అందుకని ఎందుకు తాగారని అడగలేదు. మొదటి గుక్క గొంతు దిగేటప్పుడు ఏం తెలిసిందని అడిగాను. ఆలోచించి చెప్పారు: "చేదనిపించింది. ఆని వాసన రాలే." కొడుకు వాసన. ఆ గ్లాసులో కొడుకు ఉంటాడని ఎక్కడో అనుకున్నారు.

కొంచెం సేపు ఆగి తానే అన్నారు: "మా పిలగాడు తాగకపోతుండె గదా మేడం. వానికెందుకు పోసినం?"

ఈసారి వణుకు తక్కువ. రెండు రోజులు వార్డులో పెట్టి పంపించాం. మర్నాటి సాయంత్రం నుంచి మళ్లీ రందా.

ఇప్పటి స్థితి

తర్వాతి ఏడాది పెత్తరమాస తన ఇంట్లోనే చేసుకున్నారు. అన్నకు ముందే చెప్పారు, అన్న కొంత అలిగాడు. కొడుకు ఫోటో ముందు బగారన్నం, కోడికూర, ఒక థమ్సప్ సీసా. మొక్కాక ఆ థమ్సప్‌ను అందరూ పంచుకున్నారు. ఆ మాట ఫోన్‌లో చెప్పింది కూతురు.

ఆ నాలుగు రోజుల తర్వాత మళ్లీ తాగలేదు, ఏడాది దాటింది. లివర్ పరీక్షలు మామూలుకు వచ్చాయి. పీహెచ్‌క్యూ 6. అకాంప్రోసేట్‌ను ఏడాది తర్వాత ఆపారు. ఎంత భాగం మాత్రల వల్ల, ఎంత భాగం రందా వల్ల, ఎంత భాగం భార్య వల్ల అని విడదీసి చెప్పలేను, ఒక్క కేసుతో చెప్పకూడదు కూడా. పనివాళ్లలో ఒకడు తిరిగొచ్చాడు. అప్పు ఇంకా ఉంది. బండి కూడా ఉంది, అమ్మమని నేను ఎప్పుడూ అడగలేదు. ఏడింటికి చప్పుడు అప్పుడప్పుడూ వినిపిస్తుందట. వినిపించినప్పుడు చేతిలో పని ఆపి, కాళ్లకు వచ్చి, వినేసి, మళ్లీ పనిలో పడతారట. ఊపిరి అభ్యాసానికి మేం తిరిగి పోలేదు. ఆయన అడిగితే చూస్తాం.

మాఘంలో కూతురి పెళ్లి. అటు వైపువాళ్లు మందు కావాలన్నారు. ఇప్పుడు రెండు వారాలకోసారి వస్తున్నారు, పెళ్లిపనుల లెక్క నాకు చెబుతూ, మధ్యలో ఆగి, పాదాలకు వస్తూ. మందు కొనడం, పోయడం బావమరిది చూసుకునేలా, రాత్రి ఎనిమిది దాటాక విందు వైపు పోకుండా పెళ్లికొడుకు తరఫు పెద్దమనుషులతో కూర్చునేలా మాట్లాడుకున్నాం. పందిరి గుంజలు మాత్రం తానే చిత్రిక పడతానంటున్నారు, చేతి రందాతో.